లేవడం తెలిసిన యలమంద

ముసురు పట్టి రెండు రోజులైంది. చేలో కాలు పెడితే మోకాలి దాకా దిగిపోయే నల్లరేగడి, పైన ఆగీ ఆగని జల్లు. మందు కొట్టడానికి లేదు, కలుపు తీయడానికి లేదు. ఇలాంటి రోజున పర్చూరు వైపు ఊళ్లల్లో రైతు మంచం మీద పడుకుంటే ఒంట్లో బాగాలేదేమోనని ఇరుగుపొరుగు వచ్చి పలకరిస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాడు పేకాటకు వెళతాడు.

యలమంద ఆరోగ్యంగానే ఉన్నాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దోసెలు తింటూ భార్య సుబ్బరావమ్మకు ఆ రోజు కార్యక్రమం వివరించాడు. తొమ్మిదింటికి ఆట మొదలు. పదకొండింటికి తను లేస్తాడు. ఆ లేవడానికి సుబ్బరావమ్మ ఫోన్ చేయాలి.

ఊళ్లో యలమందకన్నా బాగా ఆడేవాళ్లు చాలామందే ఉన్నారు. చేతిలో రెండు జోకర్లు పెట్టుకుని ఫుల్ కౌంట్ ఇచ్చుకున్న చరిత్ర అతనిది. కానీ లేవడంలో మాత్రం చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అతన్ని మించినవాడు లేడు. గెలుపు ఎందాకా వస్తుందో, ఎక్కడ వెనక్కి తిరుగుతుందో అతనికి అరికాళ్లలో తెలుస్తుందట. అరికాళ్లు దురద పెట్టగానే లేచి తువ్వాలు దులుపుకుంటాడు. పేకాటలో పోగొట్టుకుని ఇంటికొచ్చిన రోజు అతని జీవితంలో లేదు. "ఆడటం ఎవడికైనా వచ్చిద్ది, లేవడం రావాలి," అని పెళ్లి పందిట్లోనూ చెబుతాడు, పరామర్శకు వెళ్లినచోటా చెబుతాడు, ఆర్టీసీ బస్సులో పక్క సీటువాడికీ చెబుతాడు. ఊరు కూడా కాదనలేదు. కాదనడానికి ఎవరి దగ్గరా డబ్బు మిగిలితే కదా.

ఆట సాగేది బుల్లయ్య పొగాకు కాల్చే బ్యారన్ పక్కనున్న రేకుల షెడ్డులో. పొగాకు సీజను కానప్పుడు ఆ షెడ్డులో పొగాకు వాసనా, నలుగురు మనుషులూ తప్ప ఏమీ ఉండవు. బుల్లయ్య యలమందకు వరసకు బావ, ఓడిపోతే మధ్యాహ్నం అన్నం మీద అలిగే రకం. రెండో ఆయన జక్రయ్య మాస్టారు, హెడ్మాస్టరుగా రిటైరై నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తున్నారు. మూడోవాడు సిలార్, సొంత ట్రాలీ బండి ఉంది, దానితోపాటు మూడెకరాల మిరపా ఉంది. బల్ల మీద డబ్బు కనపడకూడదని చింతగింజలతో ఆడతారు. గింజకు ఎంత అన్నది ఆ నలుగురికే తెలుసు, ఇళ్లలో చెప్పరు.

మాస్టారు ఉన్నచోట నియమాలు ఉంటాయి. ఓడినవాడు ఎప్పుడైనా లేవచ్చు, గెలిచినవాడు లేవాలంటే మూడు ఆటల ముందు చెప్పాలి. ఆ మూడు ఆటల్లో మిగతా ముగ్గురూ కలిసి గెలిచినవాణ్ణి తేలిగ్గా గోచీ దాకా తెస్తారు. దీనికి మినహాయింపులు మూడే: చావు, కాన్పు, మిరప రేటు. ఈ మూడింటికీ ఎవరైనా, ఎంత గెలుపులో ఉన్నా, ముక్కలు బోర్లించి వెళ్లిపోవచ్చు. దెప్పేవాడు ఉండడు.

యలమంద లేవడంలో ఉన్న కిటుకంతా ఈ మినహాయింపుల్లోనే ఉంది. మొదట్లో చావులతో నెట్టుకొచ్చాడు. సుబ్బరావమ్మ పుట్టింటివైపు జనం ఒక్కొక్కరుగా తగ్గిపోయారు. అలా ఇంకొల్లులో పోయిన చినమామ ఒకాయన, ఉగాది ముందు మనవరాలి పెళ్లి శుభలేఖ పట్టుకుని స్వయంగా బుల్లయ్య ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్లాడు. అప్పట్నుంచీ చావులు చెల్లడం లేదు. తర్వాత గేదె మీద పడ్డాడు. అది ఒక్క ఏడాదిలో మూడుసార్లు ఈనేసరికి, ఆ గేదెను ఒకసారి చూడాలని ఉందని మాస్టారు మర్యాదగా అడిగారు. ఇక మిగిలింది మిరప రేటు. దానితో పరాచికాలు కూడదని యలమందకూ తెలుసు, అందుకే ఇన్నాళ్లూ ముట్టుకోలేదు. కానీ అవసరం మనిషి చేత ఏదైనా ముట్టిస్తుంది.

"గుంటూరు మిరప యార్డులో రేటు లేచిందని చెప్పు," అన్నాడు భార్యతో. "వెయ్యి అను. మరీ ఎక్కువ చెబితే నమ్మరు. పోయినసారి మీ మామ పోయాడన్నప్పుడు నీ గొంతులో దుఃఖమే లేదు, కందిపప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పావు. ఈసారి కాస్త ఊపు ఉండాలి."

"ఆ రేటేదో నిజంగా వచ్చినప్పుడు అమ్మినట్టయితే ఈపాటికి చేలో బోరు పడేది," అంది సుబ్బరావమ్మ, దోసె తిరగేస్తూ.

అదీ ఆ ఇంట్లో అసలు గొడవ. వాళ్ల నూట ఇరవై టిక్కీల, అంటే నూట ఇరవై బస్తాల ఎండుమిరపకాయ గుంటూరు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో రెండేళ్లుగా మగ్గుతోంది. నిరుడు మంచి రేటు పలికింది. ఇంకా పెరుగుతుందని యలమంద కూర్చున్నాడు. పెరగడం ఆగితే మళ్లీ మొదలవుతుందని కూర్చున్నాడు. అది దిగుతుంటే, దిగింది ఎక్కక మానదని కూర్చున్నాడు. అద్దె పెరుగుతోంది, కాయ రంగు తగ్గుతోంది. వాళ్ల చేను కాలవకు ఆఖరున ఉంది, నీళ్లు అందక కిందటి పైరు సగం మాడింది. ఈ ఏడాది కూడా బోరు వేయకపోతే పండించేదీ ఉండదు, దాచుకునేదీ ఉండదు.

పేకాట వేరు, మిరపకాయ వేరు, నీకు తెలియదు అన్నాడు యలమంద. తనకు రెండింట్లోనూ కూర్చోవడమూ లేవడమూ తప్ప ఇంకేమీ కనపడటం లేదంది ఆమె. ఆ మాట యలమందకు చిన్నపిల్లల మాటలా తోచి, నవ్వుకుంటూ చెప్పులు తొడుక్కున్నాడు. అన్నట్టు ఆ పొలం సుబ్బరావమ్మ పేరు మీద ఉంది. ఎప్పుడో ఏదో సబ్సిడీ వస్తుందంటే యలమందే రాయించాడు. దానివల్ల కోల్డ్ స్టోరేజీ బాండు కూడా ఆమె పేరునే వచ్చింది. సబ్సిడీ రాలేదు, అతను ఆ సంగతే మరిచిపోయాడు.

షెడ్డులో ఆ రోజు యలమందకు ముక్క పడటం మొదలైంది. అడిగిన ముక్క అడిగినట్టు వచ్చింది. అడగనిది కూడా వచ్చి ఏదో ఒక సీక్వెన్సులో ఇరుక్కుంది. పదిన్నరకల్లా అతని ముందు చింతగింజలు కుప్ప పడ్డాయి. సిలార్ ముందు నాలుగు మిగిలాయి. బుల్లయ్య అప్పటికే ఒకసారి అప్పు తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నం మానేస్తానని ప్రకటించాడు. యలమందకు అరికాళ్లు దురద పెట్టసాగాయి. పదకొండు కొట్టింది. ఫోన్ మోగింది.

సాక్ష్యానికి పనికొస్తుందని యలమంద స్పీకర్ పెట్టాడు. సుబ్బరావమ్మ గొంతు రేకుల షెడ్డంతా ఖంగున మోగింది.

"ఏవండీ, ఎక్కడున్నారు? గుంటూరు నుంచి కమీషన్ కొట్టు చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు. తేజ రకం క్వింటాకి వెయ్యి లేచిందంట. ఎక్కడ్నుంచో పెద్ద ఎగుమతి ఆర్డర్ వచ్చిందంట, సరుకు దొరక్క కొట్టుకుంటన్నారంట. మిమ్మల్ని ఉన్నపళంగా బయలుదేరమన్నాడు."

ఎగుమతి ఆర్డర్ సంగతి యలమంద చెప్పింది కాదు. ఊపు ఉండాలన్నాడు గనుక ఆమె కలిపింది. అతనికి ముచ్చటేసింది. ఇన్నాళ్లకు దారిలో పడిందనుకుని, నిట్టూరుస్తూ ముక్కలు బోర్లించి, ఏం చేస్తాం, లేవక తప్పదు అనబోయాడు. కానీ తలెత్తి చూసేసరికి మిగతా ముగ్గురూ అప్పటికే లేచి ఉన్నారు.

బుల్లయ్య చేతిలో ఆ పూటకు మొదటిసారి మంచి ముక్కలు పడ్డాయి, ఒక్క ముక్క వస్తే షో. వాటిని అలాగే బల్ల మీద విసిరేశాడు. సిలార్ బండి తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుని మళ్లీ తీసి తుడుచుకుంటున్నారు. ముగ్గురి సరుకూ అదే కోల్డ్ స్టోరేజీలో ఉంది. లెక్క చూసుకునే మాట ఎవరూ ఎత్తలేదు. గెలిచిన గింజలకు విలువ లేకుండా పోతుందేమోనని యలమంద గబగబా వాటిని చొక్కా జేబులోకీ పంచె మడతలోకీ దోపుకున్నాడు.

మీరు ఆడుకుంటూ ఉండండి, నేను కనుక్కుని చెబుతానన్నాడు యలమంద.

"నువ్వు కనుక్కుని చెప్పేసరికి రేటు దిగి ఇంటికెళ్లి పడుకుంటది," అన్నాడు బుల్లయ్య. "పద బావా, బండెక్కు."

ముగ్గురూ ఒకేసారి చైతన్యకృష్ణకు ఫోన్ చేశారు. ముగ్గురికీ బిజీ అని వచ్చింది. మళ్లీ ముగ్గురూ ఒకేసారి చేశారు, మళ్లీ బిజీ. ఒకరి ఫోన్ ఒకరికి అడ్డం పడుతోందని ఎవరికీ తట్టలేదు. అన్నిసార్లు బిజీ వస్తోందంటే యార్డు ఎంత వేడి మీద ఉందో చూడండి అన్నాడు సిలార్. అనుమానం ఏమైనా ఉన్నా ఇక ఎవరూ దాన్ని పైకి తేలేదు.

ఇంటికెళ్లి చెప్పి వస్తానని యలమంద అన్నాడు. చెప్పిందే ఇంటావిడ గదా అన్నారు మాస్టారు. ట్రాలీ ముందు సీట్లో కిటికీ పక్కన యలమందను కూర్చోబెట్టారు, కబురు తెచ్చినవాడు కాబట్టి. మధ్యలో మాస్టారు. బుల్లయ్య వెనకాల పట్టా కప్పుకుని నిలబడ్డాడు. నిలబడ్డవాడు ఊరుకోలేదు. అడ్డరోడ్డు టీ కొట్టు దగ్గర బండి నెమ్మదించగానే, అక్కడున్న పదిమందికీ పట్టాలోంచి తల బయట పెట్టి రేటు చెప్పాడు. వాన శబ్దంలో వెయ్యి అంటే వినపడదనుకున్నాడో ఏమో, పదిహేను వందలన్నాడు.

చిలకలూరిపేట బైపాస్‌లో పెట్రోలు కోసం ఆగారు. బంకులో ఎవరో ముక్కూ మొహం తెలియని రైతు యలమంద కిటికీ దగ్గరికి వచ్చి, లోపలికి తల పెట్టి, రహస్యంగా చెప్పాడు. రేటు రెండు వేలు లేచిందట. సముద్రం మీద ఒక ఓడ ఎండుమిరపకాయ కోసమే వస్తోందట. ఎవరు అడిగినా సరుకు బయటికి తీయొద్దట. తన బంధువులందరికీ ఫోన్లు చేసేశాడట. అంతా చెప్పి, పెద్దమనిషిలా ఉన్నారు కాబట్టి మీకు చెబుతున్నానని ముగించాడు.

అతను వెళ్లగానే యలమంద కిటికీ అద్దం ఎత్తేశాడు. తన ఇంట్లో దోసెల పెనం దగ్గర పుట్టిన అబద్ధం, తనకన్నా ముందు చిలకలూరిపేట చేరి, ఓడ ఎక్కి, తిరిగి తనకే ఎదురొచ్చింది. బండి కదిలాక, అంత రేటు ఉండకపోవచ్చనీ, మనం వెనక్కి వెళ్లడం మంచిదేమోననీ మెల్లగా అన్నాడు. మాస్టారు అతని వైపు తిరిగి చూశారు. సిలార్ అద్దంలోంచి చూశాడు. మనల్ని వెనక్కి పంపి ఒక్కడే అమ్ముకుందామని చూస్తున్నాడని ఆ చూపుల్లో ఉన్నట్టు యలమందకు తోచింది. సిలార్ బండి వేగం పెంచాడు. యలమంద పంచె మడతలో గింజలు గలగలమన్నాయి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాడు.

గుంటూరులో ఈలోగా జరిగింది ఇదీ. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట వైపు రైతులు కోల్డ్ స్టోరేజీలకు ఫోన్లు చేసి మా సరుకు కదిలించొద్దన్నారు. కమీషన్ కొట్లకు ఫోన్లు చేసి మా శాంపిల్ ఎవరికీ చూపించొద్దన్నారు. ఇంతమంది ఒకేసారి వద్దంటున్నారంటే వీళ్లకేదో తెలిసిందని కొట్లవాళ్లు అనుకున్నారు. కొట్లవాళ్లు అనుకుంటున్నారంటే నిజమేనని వ్యాపారులు అనుకున్నారు. సాయంత్రానికి లోడు నింపి పంపాల్సినవాళ్లు కొందరు ఆగలేక రేటు పెంచి అడిగారు. ఒకడు పెంచగానే పక్కవాడు పెంచాడు. ట్రాలీ బండి వెళ్లి చైతన్యకృష్ణ కొట్టు ముందు ఆగేసరికి, తేజ రకం క్వింటా మీద నిజంగానే ఎనిమిది వందలు లేచి ఉంది.

ఆ మాట వినగానే యలమంద మొదట కింద చూశాడు, తర్వాత పైన చూశాడు. బుల్లయ్య వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. యార్డులో బోర్డు మీద పడకముందే మా బావ ఇంటికి తెలిసింది, చూశారా అని అక్కడున్న రైతులందరికీ చెప్పాడు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో టీ తెచ్చారు. ముప్పై మంది దాకా గుమిగూడారు, అందరూ కోల్డ్ స్టోరేజీలో సరుకున్న రైతులే. మీకు ముందే ఎలా తెలిసింది అని ఒకాయన చేతులు కట్టుకుని అడిగాడు. యలమంద చిరునవ్వు నవ్వాడు. నిజం చెప్పాలంటే, ఆ చిరునవ్వు మధ్యలో ఎక్కడో అతనికే ఒక సందేహం వచ్చింది. తను చెప్పించింది అబద్ధం కాదేమో, తన అరికాళ్లకు ముందే తెలిసిందేమో అనిపించింది.

అప్పుడు వాళ్లు అసలు ప్రశ్న వేశారు. ఇప్పుడు అమ్మాలా, ఆగాలా?

ఆ రేటు కింద నేల లేదని అక్కడ తనొక్కడికే తెలుసనుకున్నాడు యలమంద. ఎవడో ఒకడు ఓడ ఏదని అడిగేదాకానే అది నిలబడుతుంది. లేవాల్సిన వేళంటూ ఒకటుంటే ఇదే. కోల్డ్ స్టోరేజీ అద్దె తీరి, చేలో బోరు పడే వేళ. అరికాళ్లు మండుతున్నాయి కూడా. కానీ ముప్పై మంది రైతులు తన నోటివంక చూస్తుండగా నేను అమ్మేస్తున్నా, మీరూ అమ్మెయ్యండి అని ఆట ముగించడానికి అతనికి మనసొప్పలేదు. పుట్టి ఇన్నేళ్లకు గుంటూరులో అతనికి కుర్చీ వేశారు. లేస్తే ఆ కుర్చీ పోతుంది.

"ఎవరూ తొందరపడొద్దు," అన్నాడు కాలు మీద కాలు వేసుకుని. "రేపటికి ఇంకో వెయ్యి పెరిగిద్ది. నా సరుకు ఒక్క టిక్కీ కూడా కదలదు."

గుంపంతా తలలూపింది. సరిగ్గా అప్పుడు చైతన్యకృష్ణ కొట్టు లోపల్నుంచి బయటికి వచ్చాడు. యలమందను చూసి, మీరెప్పుడు వచ్చారు బాబాయ్ అని పలకరించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మీ నూట ఇరవై టిక్కీలూ పోయినయ్ బాబాయ్. పావుగంట క్రితం పిన్ని ఫోన్ చేసింది. ఇప్పుడెంత ఉంటే అంతకు మొత్తం తోసెయ్, ఇంకో మాట వద్దంది. ఇవాళ్టి పై రేటు మీదే."

గుంపంతా యలమంద వైపు తిరిగింది. యలమంద గొంతు సవరించుకుని, అవును, నేనే అమ్మమన్నా అన్నాడు. ఇప్పుడే గదండీ ఒక్క టిక్కీ కూడా కదలదన్నారు అని మాస్టారు, బడిలో పిల్లవాడి లెక్క దిద్దినంత నెమ్మదిగా అడిగారు. అందరి కళ్లూ యలమందను వదిలేసి బుల్లయ్య మీదికి వెళ్లాయి, ఎందుకంటే బుల్లయ్య అప్పటికే చొక్కా చేతులు పైకి లాక్కుంటున్నాడు.

"సుబ్బరావమ్మ అమ్మేసిందా? అయితే నాదీ అమ్మెయ్యరా అబ్బాయ్," అన్నాడు చైతన్యకృష్ణతో. "మా బావ ఎక్కడ లేస్తాడో నాకు తెలవదుగాని, మా చెల్లెలు ఊరికే లేచే మనిషి కాదు."

తర్వాత అరగంట పాటు ఆ కొట్లో నిలబడటానికి చోటు లేకపోయింది. సిలార్‌ది పోయింది, మాస్టారిది పోయింది, చేతులు కట్టుకుని అడిగినాయనదీ పోయింది. లోడు నింపుకోవాల్సిన వ్యాపారులకు లోడు నిండింది. ముప్పై మంది సరుకు ఒక్కసారిగా వచ్చి పడేసరికి మిగిలినవాళ్లకు అనుమానం వచ్చి, ఎవరో ఓడ ఏ రేవుకు వస్తోందని అడిగారు. సాయంత్రం నాలుగింటికి రేటు పొద్దున ఎక్కడుందో అక్కడికి వచ్చి కూర్చుంది. యలమంద మాట విని ఆగినవాడు ఒక్కడూ లేడు. అది అదృష్టం, అవమానం కూడా, యలమందకు మాత్రం ముందు రెండోదే కనపడింది. అతని కుర్చీలో అప్పటికి ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో బుల్లయ్య వెనకాల పాటలు పాడుతున్నాడు. చిలకలూరిపేట బోర్డు దాటాక యలమంద ఉండబట్టలేక, మీకు ఎప్పుడు తెలిసింది మాస్టారూ అని అడిగాడు.

"మీ గేదె మూడోసారి ఈనినప్పుడు," అన్నారు జక్రయ్య మాస్టారు.

"మరి ఇవాళ ఎందుకు బయలుదేరారండీ?"

"రేటన్నారు గదా," అన్నారు మాస్టారు, తప్పు చేసినవాడిలా కిటికీ వైపు చూస్తూ. "అబద్ధమని తెలుసు. తెలిసి ఇంటికెళ్లి పడుకోవడం నా వల్ల కాలేదు. మిరప వేసినవాడెవడైనా అంతే."

సిలార్ నవ్వాడు. అతనికీ తెలుసట. తెలిసే పెట్రోలు పోయించాడట. యలమందకు ఒక్కసారిగా భుజాల మీది బరువు దిగినట్టయింది. ఇక అక్కడ్నుంచి దారి పొడుగునా ముగ్గురూ సుబ్బరావమ్మ గురించే మాట్లాడుకున్నారు. ఏ నిమిషంలో ఫోన్ చేసిందో, ఆ నిమిషమే ఎలా పట్టుకుందో, ఇంకో పావుగంట ఆగి ఉంటే ఏమయ్యేదో లెక్కలు వేశారు. వింటున్నకొద్దీ యలమంద ఛాతీ పెరుగుతూ వచ్చింది. అది మునుపటి గర్వం కాదు. తన గురించి పడే గర్వంలో ఎక్కడో ఒక మూల భయం ఉండేది, ఎవరైనా గేదెను చూపించమంటారేమోనని. దీనికి ఆ బెడద లేదు. టీ కొట్టు దగ్గర బండి ఆపించి మరీ దిగాడు. పొద్దున రేటు విన్న పదిమందీ అక్కడే ఉన్నారు. మా ఆవిడ గుంటూరుకి వెళ్లకుండా గుంటూరుని ఆడించిందయ్యా అని వాళ్లకు మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు, దోసెల పెనంతో సహా ఏదీ దాచలేదు. టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. యలమంద టీ డబ్బులు ఇవ్వడం ఆ కొట్టువాడు చూడటం అదే మొదలు.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ దాటింది. సుబ్బరావమ్మ పప్పూ, గోంగూర పచ్చడీ వడ్డించింది. బోరు బండివాడితో మాట్లాడాననీ, ముసురు తగ్గగానే వస్తాడనీ చెప్పింది. యలమంద నాలుగు ముద్దలు తిన్నాక, ఎవరైనా మహానుభావుణ్ణి అడిగినట్టు అడిగాడు.

"నీకెట్టా తెలిసిందే, అప్పుడే అమ్మాలని?"

"మీకు ఫోన్ చేసి పప్పు పొయ్యి మీద పెట్టా," అంది ఆమె. "కాసేపటికి ఎదురింటి చాంద్‌బీ వచ్చి, అక్కా రేటు పదిహేను వందలు లేచిందంట అంది. తర్వాత పక్కింటి రెబ్కా గోడ మీదనుంచి రెండు వేలంది. పాలాయన మూడు వేలని చెప్పి, గిన్నెలో పాలు పొయ్యడం మరిచిపోయి వెళ్లాడు. నాకూ ఆశ పుట్టింది. మూడయింది గదా, నాలుగు కానిచ్చి అమ్ముదాంలే అనుకున్నా. అనుకున్నాక గుర్తొచ్చింది, ఇది నేను పుట్టించిందే గదా అని. నా అబద్ధాన్ని నేనే నమ్మబోయానండీ. ఇంక కూర్చోకూడదని కమీషన్ కొట్టు అబ్బాయికి ఫోన్ చేశా."

యలమంద చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా బస్సుల్లో, పందిళ్లలో తను చెబుతూ తిరిగిన విద్యకు అసలు సూత్రం ఇదన్నమాట. తనకు అరికాళ్లే తెలుసు, ఆమెకు అరికాళ్లెందుకు దురద పెడతాయో తెలుసు. ఇంత మనిషిని ఇంట్లో పెట్టుకుని ఊళ్లో తను పేరు మోసినందుకు సిగ్గేసింది, అంతలోనే ఆ మనిషి తన ఇంట్లోనే ఉన్నందుకు మళ్లీ గర్వమేసింది. ఆ గర్వంలో ఒక ప్రశ్న ఎక్కువ అడిగాడు.

"ఇంత బాగా లేవడం తెలిసినదానివి, ఇంతకుముందెప్పుడూ ఎక్కడా లేవాలనిపించలేదా నీకు?"

"ఎందుకనిపించదు? పెళ్లయిన దగ్గర్నుంచీ మీ దగ్గర్నుంచి లేవాలనిపిస్తానే ఉంది," అంది సుబ్బరావమ్మ, మజ్జిగ పోస్తూ. "గెలుపులో ఉన్నప్పుడే లేవాలని మీరేగా చెప్పారు, అందుకని ఆగా. గెలిచింది ఇవాళే."

యలమంద ఆ పూట తన కంచం తనే కడిగాడు, తర్వాత ఆమెది కూడా.